'వేరే లెవెల్ మామా' అన్నాక ఇంకేం రాయాలి? సైట్రాన్స్, యాంబియెంట్ ఆల్బమ్‌ల మీద అభిప్రాయం రాసే పద్ధతి

ముందు నా తప్పు చెప్పేస్తాను. కార్బన్ బేస్డ్ లైఫ్‌ఫార్మ్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం వాళ్ల 'హైడ్రోపోనిక్ గార్డెన్' ఆల్బమ్ నేను మొదటిసారి విన్నది హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రాత్రి బస్సులో. పక్కన మా బాబాయి కొడుకు, ఇయర్‌ఫోన్స్ ఒకటే జత, ఎడమది నా చెవిలో, కుడిది వాడి చెవిలో. సూర్యాపేట దాటేలోపే ఇద్దరం తీర్పు చెప్పేశాం, "ఏసీ సౌండ్‌లా ఉందిరా, దీనికో ఆల్బమ్ అని పేరా" అని. అక్కడితో ఊరుకోలేదు, అదే మాటని నాలుగు వాక్యాలు చేసి స్నేహితుల గ్రూపులో పెట్టాను. ముగ్గురు లైక్ కొట్టారు. ఆ ముగ్గురూ ఆ ఆల్బమ్ వినలేదు, నా మాట నమ్మి ఇక వినరు కూడా. నెల తరవాత ఇంట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు చెవులకీ హెడ్‌ఫోన్స్ తగిలించుకుని అదే ఆల్బమ్ పెడితే, ఎడమవైపు మొదలైన శబ్దం నెమ్మదిగా తల వెనకనుంచి కుడివైపుకి పోతూ ఉంటే, అప్పుడు అర్థమైంది, బస్సులో నేను విన్నది సగం ఆల్బమే అని. అక్షరాలా సగం. ఎడమ సగం.

అప్పటినుంచి ఈ రకం సంగీతం మీద, అంటే సింథసైజర్లతో చేసే వేగమైన డాన్స్ సంగీతం సైట్రాన్స్ మీద గానీ, పరిసరాల్లో నెమ్మదిగా కలిసిపోయే యాంబియెంట్ మీద గానీ, ఏదైనా రాసేముందు ఒక పద్ధతి పెట్టుకున్నాను, అదే ఇక్కడ రాస్తున్నాను. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు. రెండు చెవులు, ఒక కాగితం, కాస్త ఖాళీ సమయం ఉంటే చాలు. ఆ మూడోది దొరకడమే కష్టం, వీటిలో చాలా ఆల్బమ్‌లు గంట పైమాటే.

ప్లే నొక్కేముందు

షఫుల్ ఆపండి. ఇది కూడా చెప్పాలా అనకండి, చెప్పాల్సి వస్తోంది. ఫ్రాన్స్‌లో లియాన్ ఊరి నుంచి నడిచే అల్టిమే అనే లేబుల్ (ఆల్బమ్‌లు విడుదల చేసే సంస్థ) ఉంది, 'హైడ్రోపోనిక్ గార్డెన్' (2003) వాళ్లదే, సోలార్ ఫీల్డ్స్ 'మూవ్‌మెంట్స్' (2009) కూడా వాళ్లదే. వీటిలో ఒక ట్రాక్ తోక ఇంకో ట్రాక్ తలలోకి కలిసిపోతుంది. షఫుల్‌లో విని "ట్రాక్‌లు ఉన్నట్టుండి తెగిపోతున్నాయి" అని రాసిన వాళ్లని చూశాను. పులిహోరలో అన్నం ఇవాళ, పోపు రేపు తిని రుచి లేదన్నట్టుంది. క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివర మీద ఇంకోదాన్ని యాప్ తనే కలిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి, యాప్‌లో గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ రాకుండా చేసేది) అని కనిపిస్తే అది పెట్టండి. బేస్ బూస్ట్ కూడా ఆపండి, లేకపోతే మీరు అభిప్రాయం రాసేది ఆల్బమ్ మీద కాదు, మీ ఫోన్ సెట్టింగుల మీద.

ఫోన్ స్పీకర్‌లో విని సైట్రాన్స్ మీద ఒక్క ముక్క కూడా రాయొద్దు. ఈ సంగీతంలో కిక్ (ధన్‌మని పడే డ్రమ్ దెబ్బ), బేస్ (బరువైన కింది స్వరాలు) బతికేదంతా కింద, యాభై నుంచి వంద హెర్ట్జ్ చుట్టుపక్కల. ఆ కింది శబ్దాన్ని ఫోన్ స్పీకర్ దాదాపు పలికించలేదు. మీకు వినపడేది పైనుండే టిక్కుటిక్కు మాత్రమే, ఇల్లు చూద్దామని వెళ్లి డాబా మీద పిట్టగోడ చూసి వచ్చినట్టు. చిన్న బ్లూటూత్ స్పీకర్లు కాస్త నయం గానీ, వాటిలో చాలావరకు ఎడమ కుడి రెండూ కలిసి ఒకటే అయిపోతాయి. ఐదారు వందల రూపాయల తీగ ఇయర్‌ఫోన్స్ అయినా సరే, రెండూ పనిచేస్తూ రెండు చెవుల్లో ఉంటే అంతకన్నా మేలు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. రెండు ఆల్బమ్‌లు పోల్చేటప్పుడు రెండూ ఒకే వాల్యూమ్‌లో వినండి. తొంభైలలో వచ్చిన సీడీలు ఇప్పటివాటి కంటే సాధారణంగా తక్కువ గట్టిగా ఉంటాయి, మన చెవికేమో గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. హాలూసినోజెన్ 'ట్విస్టెడ్' (1995) విన్న వెంటనే మొన్న వచ్చిన ఫుల్-ఆన్ (సైట్రాన్స్‌లో ఒక రకం) ఆల్బమ్ ఒకటి పెట్టి "పాతది పస లేదు" అంటే అది వాల్యూమ్ చేసిన మోసం. పాతదానికి రెండు మూడు గీతలు పెంచి మళ్లీ వినండి. అలాగని చెవులు గుయ్‌మనేదాకా పెంచకండి, ఆ గుయ్ మరుసటిరోజుకీ పోకపోతే మీకు ఆల్బమ్ కంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్ కావాలి.

బీట్ ఉంటే ముందు లెక్కపెట్టండి

పెట్టగానే బాగుందా బాగాలేదా అని కాకుండా, ఇది ఎంత వేగం అని చూడండి. గడియారం ముందు పెట్టుకుని పదిహేను సెకన్లలో కిక్ ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ముప్పై ఆరు వచ్చిందంటే నిమిషానికి 144. సైట్రాన్స్‌కి మూలమైన పాత గోవా ట్రాన్స్ అయినా ఫుల్-ఆన్ అయినా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. 130 నుంచి 140 మధ్య, శబ్దాలు తక్కువగా, ఒకదాని తరవాత ఒకటి తీరిగ్గా వస్తుంటే ప్రోగ్రెసివ్. 150 దాటి, చీకట్లో ఏదో పాకుతున్నట్టుంటే డార్క్ సై, ఫారెస్ట్ లాంటివి. 180 దాటిందంటే హైటెక్, అది నా వయసుకి పడదు. వందకి అటూ ఇటూగా, కొన్నిసార్లు ఇంకా కింద, బీట్ ఉండీ లేనట్టుంటే సైచిల్ లేదా సైబియెంట్. ఈ పేర్లకి గట్టి సరిహద్దులేమీ లేవు, ఒకే ఆల్బమ్‌లో రెండు మూడు ఉండొచ్చు. అయినా లెక్క అవసరం ఎందుకంటే, ప్రోగ్రెసివ్ ఆల్బమ్ విని "స్పీడు లేదు" అని రాస్తే ఆవకాయ తిని తియ్యగా లేదన్నట్టే.

లెక్క అయ్యాక బేస్ సంగతి. సైట్రాన్స్‌లో ఎక్కువగా వినిపించే నడక మన తకధిమి లాంటిదే. 'త' మీద కిక్ పడుతుంది, 'క', 'ధి', 'మి' మూడింటి మీదా బేస్ పడుతుంది, మళ్లీ 'త' మీద కిక్. 145 వేగంలో ఒక్కో అక్షరానికి దక్కేది సెకనులో పదోవంతు మాత్రమే. పెళ్లి బరాత్‌లో తీన్మార్ వింటూ పెరిగిన చెవికి ఇది మొదట్లో కుట్టుమిషన్‌లా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఐదు నిమిషాలు ఓపిక పట్టి ఆ మూడు బేస్ దెబ్బలు విడివిడిగా వినపడుతున్నాయా, లేక కిక్‌తో కలిసి బురదలా ముద్దయిపోయాయా అని చూడండి. అభిప్రాయంలో రాయాల్సిన మొదటి గట్టి విషయం అదే. విడివిడిగా వినపడితే చేసినవాడికి పని తెలుసు. ముద్దయితే మాత్రం వెంటనే తిట్టకండి, ముందు ఇయర్‌ఫోన్స్ మార్చి చూసి, అప్పుడు తిట్టండి.

ఇంట్రో సాగదీశాడు అనేముందు గోవా సంగతి

ఈ సంగీతం పుట్టిన చోటు మనకి దూరమేమీ కాదు, హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి గోవాలో దిగుతాం. ఎనభైల చివర, తొంభైల మొదట్లో అంజునా బీచ్ చుట్టుపక్కల, ఎక్కువగా విదేశీ యాత్రికుల పార్టీల్లో రూపుదిద్దుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చి అక్కడే ఉండిపోయి, 2023లో గోవాలోనే కన్నుమూసిన గోవా గిల్ లాంటి డీజేలు అక్కడ వినైల్ రికార్డులు కాకుండా డాట్ అనే డిజిటల్ క్యాసెట్లు వాడేవారు. ఆ ఎండకి రికార్డులు వంగిపోతాయి, మోయడం కూడా బరువే. కానీ డాట్‌లో ఒక ట్రాక్ వేగాన్ని కాస్త పెంచి తగ్గించి ఇంకో ట్రాక్ బీట్‌తో కలపడం కుదరదు. అందుకని ట్రాక్ మొదట్లో, చివర్లో బీట్ లేని భాగం పొడుగ్గా వదిలేవాళ్లు, ఒకటి ముగుస్తుంటే ఇంకోటి మెల్లగా లేచేది. ఏడెనిమిది నిమిషాల ట్రాక్, నిమిషం పైన గాలి హోరు, మధ్యలో ఏదో సైన్స్ ఫిక్షన్ సినిమా డైలాగు ముక్క, తరవాత కిక్. ఇది తెలిసినవాడు "ఇంట్రో సాగదీశాడు" అని రాయడు. రాసినా, డాట్ రోజులు పోయి ఇన్నేళ్లయినా ఇంకా ఈ అలవాటు ఎందుకయ్యా అని రాస్తాడు, అది సరైన ప్రశ్నే.

ఆ పుక్కిలించే శబ్దం గురించి కూడా చెప్పాలి. గొంతులో నీళ్లు పోసుకుని, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి తీస్తూ పాడితే ఎలా ఉంటుందో, గోవా ట్రాన్స్‌లో ఆ శబ్దం పదే పదే వస్తుంది. దాని మూలం రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న పెట్టె. బేస్ గిటార్ వాయించేవాడు దొరకనప్పుడు గిటారిస్టులు సాధన చేసుకోవడానికి తోడుగా ఉంటుందని చేశారు, అది బేస్ గిటార్‌లా మోగలేదు, అమ్ముడు పోలేదు, రెండు మూడేళ్లకే ఆపేశారు. తరవాత సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే షికాగో కుర్రాళ్లు కొనుక్కుని, మీటలు అడ్డదిడ్డంగా తిప్పి, 1987 నాటికి యాసిడ్ హౌస్ అనే కొత్త శబ్దం బయటికి తెచ్చారు. అంతకు ఐదేళ్ల ముందే, 1982లో, బొంబాయిలో హిందీ సినిమాలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ ఇదే 303నీ, 808 అనే డ్రమ్ పెట్టెనీ పెట్టుకుని పది రాగాలని డిస్కో బీట్ మీద వాయించి ఎల్పీ వేశారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. అది వినకపోతే వినండి, మొదటి ట్రాకే భైరవ్, అంటే మన మాయామాళవగౌళ, సరళీస్వరాలు నేర్చుకున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ తెలిసిన రాగం.

ఈ రాగాల దగ్గరే ఒక హెచ్చరిక. గోవా ట్రాన్స్ మెలొడీల్లో చాలావాటి స్వరాలు వరస పెట్టి చూస్తే మన వకుళాభరణం, మాయామాళవగౌళ, తోడి మెట్లకి సరిపోతాయి, అందుకే మనకి ఎక్కడో విన్నట్టుంటుంది. అంతమాత్రాన "మన రాగం కొట్టేశాడు" అని గానీ, "కర్ణాటక సంగీతం వాడాడు" అని గానీ రాయొద్దు. అవే మెట్లు అరబ్బు, యూదు, స్పెయిన్ సంగీతాల్లోనూ ఉన్నాయి, పైగా మెట్లు ఒకటైనంత మాత్రాన రాగం అయిపోదు, గమకం లేకుండా రాగమేమిటి. స్వరాలు ఫలానా రాగానికి దగ్గరగా ఉన్నాయి అంటే చాలు, నిజం అక్కడితో ఆగుతుంది. ఇదే బాపతు ఇంకో పొరపాటు, ష్పాంగిల్ అనే బృందంలో వేణువు వాయించే రాజా రామ్ పేరు చూసి మన రాజమండ్రి మనిషేమో అనుకోవడం. ఆయన ఆస్ట్రేలియాలో పుట్టిన రోనాల్డ్ రోత్‌ఫీల్డ్.

బీట్ లేకపోతే స్కేలు మార్చండి

యాంబియెంట్ దగ్గరికి వచ్చేసరికి ఇప్పటిదాకా చెప్పిందంతా పక్కన పెట్టాలి. ఇక్కడ లెక్కపెట్టడానికి కిక్ లేదు, ఎదురుచూడటానికి డ్రాప్ (బీట్ ఆగి మళ్లీ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) లేదు. తని ఆవర్తనం కోసం వచ్చి ఆలాపన దగ్గర వాచీ చూసుకునేవాడిలా ఉండకూడదు. ఈ పోలిక పూర్తిగా అతకదని నాకూ తెలుసు, ఆలాపన ఎక్కడికో వెళ్తుంది, యాంబియెంట్ చాలాసార్లు ఎక్కడికీ వెళ్లదు, ఉన్నచోటే ఉంటుంది. ఆలాపన కంటే వెనకాల మోగే తంబూరకే దగ్గర. తంబూర విని "ఇందులో ఏమీ జరగలేదు" అని ఎవరూ ఫిర్యాదు చెయ్యరు కదా.

దీని పుట్టుక కథ నాకు చాలా ఇష్టం, నా బస్సు కథకి చుట్టం కాబట్టి. 1975లో ఇంగ్లండ్ సంగీతకారుడు బ్రయన్ ఈనో యాక్సిడెంట్ అయి మంచం మీద ఉన్నారు. చూడటానికి వచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు ఒకటి ఇచ్చి వెళ్లింది. ఆయన ఎలాగో తంటాలు పడి లేచి దాన్ని పెట్టి మళ్లీ పడుకున్నారు. పడుకున్నాక చూస్తే వాల్యూమ్ బాగా తక్కువగా ఉంది, దానికి తోడు స్టీరియోలో ఒక వైపు అసలు మోగడమే లేదు. మళ్లీ లేచే ఓపిక లేక అలాగే విన్నారు. ఆ సంగీతం గదిలో వెలుతురులా, వాన చప్పుడులా పరిసరాల్లో ఒక భాగమైపోయినట్టు తోచిందట, అదే ఆయన తరవాత చేసిన యాంబియెంట్ ఆల్బమ్‌లకి దారి. సగం సంగీతం విని ఆయన ఒక కొత్త మార్గం కనిపెట్టారు, సగం సంగీతం విని నేను ఏసీ జోకు వేశాను.

మూడేళ్ల తరవాత వచ్చిన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' (1978) కవర్ మీద ఆయనే రాసుకున్న మాటల సారం ఏమిటంటే, ఈ సంగీతం శ్రద్ధగా విన్నా పనికిరావాలి, పట్టించుకోకపోయినా పనికిరావాలి. అంటే మీరు ఒక్కసారి ఒక్క రకంగా విని రాస్తే సగమే రాసినట్టు. నేను మూడుసార్లు వింటాను. ఒకసారి హెడ్‌ఫోన్స్‌తో, కళ్లు మూసుకుని, ఏ పనీ పెట్టుకోకుండా. ఒకసారి గదిలో స్పీకర్ మీద, వాల్యూమ్ బాగా తగ్గించి, కూరగాయలు తరుగుతూనో ఆఫీసు పని చేసుకుంటూనో. మూడోసారి రాత్రి పడుకునేముందు, ఇది కొంచెం ప్రమాదం, ఎందుకంటే ఎక్కువసార్లు మూడో ట్రాక్ దాటకుండానే నిద్రపోతాను. నిద్రపోయారంటే ఆల్బమ్ బాగాలేదని కాదు, అలాగని బాగుందనీ కాదు. నిద్ర పట్టిందని రాయండి, ఎన్నో నిమిషంలో అన్నది గుర్తుంటే అదీ రాయండి, చదివేవాళ్లలో కొందరికి కావాల్సిందే అది.

పని చేసుకుంటూ వినేటప్పుడు ఒకటి గమనించండి. తరగడం ఆపి తలెత్తిన క్షణం ఏదైనా ఉందా? ఉంటే గడియారం చూసి రాసుకోండి. నాకు గ్లోబల్ కమ్యూనికేషన్ వాళ్ల '76:14' (1994)లో అలా అయింది. ఆ ఆల్బమ్‌లో ట్రాక్‌లకి పేర్లు లేవు, ఎంతసేపు ఉంటే అదే పేరు, ఆల్బమ్ పేరు కూడా మొత్తం నిడివే. అందులో '14:31' అనే ట్రాక్‌లో గడియారం టిక్కుటిక్కు మోగుతూ ఉంటుంది. నేను వంటింట్లో ఉన్నాను, మా హాల్లో గోడ గడియారం ఇంత గట్టిగా ఎప్పటినుంచి మోగుతోందా అని వెళ్లి చూసి వచ్చాను. అభిప్రాయంలో ఆ ఒక్క వాక్యం రాస్తే చాలు, "ప్రశాంతంగా ఉంది" అనే మాట పదిసార్లు రాసినదానికన్నా ఎక్కువ చెబుతుంది.

కాగితం మీద ఏం రాసుకోవాలి

రెండోసారి వినేటప్పుడు రాసుకోండి, మొదటిసారి కాదు. మొదటిసారి ఊరికే వినండి. కాగితానికి ఎడమవైపు నిమిషాలు, కుడివైపు ఏం వినపడింది. ఎలా అనిపించింది అన్నది ఇంకా రాయొద్దు, ఏం వినపడింది అన్నది మాత్రమే. ఇక్కడ తెలుగువాళ్లకి ఉన్న వసతి ఇంగ్లీషులో రాసేవాళ్లకి అంతగా లేదని నా నమ్మకం. గుయ్, జుంయ్, గరగర, బుడబుడ, టపటప, చిటపట, రుసరుస, గలగల, కీచు, హోరు. వీటిలో ఒక్కోటి ఒక్కో శబ్దానికి అతికినట్టు సరిపోతుంది. "ట్రిప్పీ సింథ్" అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. "మూడో నిమిషంలో పెనం మీద నీళ్ల చుక్కలు పడ్డట్టు చుయ్‌చుయ్‌మని ఎడమ చెవిలో మొదలై కుడి చెవిలో ఆరిపోతుంది" అంటే ఆ ఆల్బమ్ వినని మా అమ్మకి కూడా అర్థమవుతుంది.

మైండ్ బ్లోయింగ్, నెక్స్ట్ లెవెల్, జర్నీ, కాస్మిక్. ఈ నాలుగూ రాయాలనిపించినప్పుడల్లా ఆగి, ఏ నిమిషంలో అలా అనిపించింది అని మిమ్మల్ని మీరే అడగండి. సమాధానం ఉంటే ఆ నిమిషం రాయండి, లేకపోతే ఆ మాట కొట్టేయండి.

ఒక నమూనా చూపిస్తాను. 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' రెండో ట్రాక్ మీద మామూలుగా ఇలా రాస్తారు: "చాలా రిలాక్సింగ్‌గా ఉంది, దేవాలయంలో ఉన్న ఫీలింగ్, తప్పక వినండి." ఇందులో తప్పేమీ లేదు, పనికొచ్చేదీ ఏమీ లేదు. నేనైతే ఇలా రాస్తాను: "మాటలు లేవు, వాయిద్యాలు లేవు, ఆఁ అనే గొంతులు మాత్రమే. ఒక గొంతు వస్తుంది, పోతుంది, కాసేపు ఏమీ ఉండదు, ఇంకో గొంతు వస్తుంది. ఒక్కో గొంతూ ఒక్కో పొడవున్న టేపు ముక్క మీద తిరుగుతోంది, ఒకటి ఇరవై మూడున్నర సెకన్లకోసారి, ఇంకోటి ఇరవై ఆరు సెకన్లకి కాస్త అటూ ఇటూగా. ఒక్కో ఆవర్తనం ఒక్కో పొడవైతే సమం అందరికీ ఒకేసారి ఎప్పుడు పడుతుంది? పడదు. అందుకే ఎనిమిది నిమిషాలపాటు అవే స్వరాలు తిరుగుతున్నా అదే వరస రెండోసారి వచ్చినట్టు నాకు అనిపించలేదు. హెడ్‌ఫోన్స్‌తో విన్నప్పుడు మధ్యలో నిశ్శబ్దం కాస్త భయపెట్టింది. ఫ్యాన్ తిరుగుతున్న గదిలో స్పీకర్ మీద అది ఫ్యాన్ చప్పుడుతో నిండిపోయి బాగుంది." ఇది చదివి "నాకొద్దు బాబోయ్" అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకీ నా అభిప్రాయం పనికొచ్చినట్టే.

ఏ పరికరంలో విన్నారు, ఎన్నిసార్లు విన్నారు, ఏ సమయంలో విన్నారు, ఈ మూడూ మొదటి రెండు వాక్యాల్లో వచ్చేయాలి. రేటింగ్ ఇవ్వాలా అని అడుగుతారు. నేను ఇవ్వను. ఇచ్చేవాళ్లు సైట్రాన్స్‌కి వేరే, యాంబియెంట్‌కి వేరే పెట్టుకుంటే మంచిది, ఒకే ఐదు నక్షత్రాలతో మిర్చిబజ్జీనీ పెరుగన్నాన్నీ కొలవలేం.

మిగతావాళ్ల అభిప్రాయాలు చదివేటప్పుడు

ముందే చదవొద్దు, మీది రాశాక చదవండి. చదివేటప్పుడు ఆ మనిషి ఈ సంగీతంలోకి ఏ సంవత్సరంలో వచ్చాడో పట్టుకోండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఇన్‌ఫెక్టెడ్ మష్రూమ్ దీనికి మంచి ఉదాహరణ. 'ద గ్యాదరింగ్' 1999, 'క్లాసికల్ మష్రూమ్' 2000, 'బీపీ ఎంపైర్' 2001, మూడేళ్లలో మూడు ఆల్బమ్‌లు. 2003లో 'కన్వర్టింగ్ వెజిటేరియన్స్' అని రెండు డిస్కులు వేశారు, ఒకదాంట్లో ట్రాన్స్, రెండోదాంట్లో పాటలు, నెమ్మది బీట్లు, ప్రయోగాలు. మొదటి మూడింటితో పెరిగినవాళ్లు రెండో డిస్కుని ద్రోహంలా చూశారు. ఆ రెండో డిస్కుతోనే ఈ సంగీతంలోకి వచ్చినవాళ్లకి పాతవి ఒకే రకంగా అనిపిస్తాయి. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. నా మటుకు నేను మొదటి వర్గంలో ఉండేవాణ్ణి, పదేళ్ల తరవాత రెండో డిస్కు మళ్లీ విని కొంచెం మెత్తబడ్డాను, కొంచెమే.

రెండే సాకుల మీద నడిచే అభిప్రాయాలుంటాయి, వాటిని దాటి వెళ్లిపోండి. ఒకటి, "పాత రోజులే వేరు" అనేది. రెండోది, "ఇది మామూలుగా వింటే అర్థం కాదు, ఏదైనా వేసుకుని వినాలి" అనేది. ఈ సంగీతంలో ఆల్బమ్ పేర్లలో, ట్రాక్ పేర్లలో డ్రగ్స్ ప్రస్తావన బోలెడు, దాచాల్సింది ఏమీ లేదు. అయితే ఏదో వేసుకుని విని రాసినవాడు చెబుతున్నది ఆల్బమ్ గురించి కాదు, తను వేసుకున్నదాని గురించి. పైగా మన దేశంలో అది నేరం, మత్తుమందుల మీద ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నుంచి ఉంది. ష్పాంగిల్ మొదటి ఆల్బమ్ 'ఆర్ యు ష్పాంగుల్డ్?' (1998) చివర్లో ఇరవై నిమిషాల ట్రాక్ ఒకటి ఉంది, నేను దాన్ని ఫిల్టర్ కాఫీ తాగి విన్నాను, ఏమీ తక్కువ కాలేదు.

ఎక్కడ వినాలి అని అడిగేవాళ్లకి, బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో చాలా ఆల్బమ్‌లు కొనకముందే పూర్తిగా వినొచ్చు. సైట్రాన్స్ ఉచితంగా, చట్టప్రకారమే కావాలంటే ఎక్టోప్లాజమ్ అనే సైట్‌లో పుట్టలు పుట్టలుగా ఉంది. బాగుంటే కొనండి, వీళ్లలో ఎక్కువమంది చిన్న చిన్న లేబుళ్ల మీద బతికేవాళ్లే.

రాసింది పెట్టే ముందు ఒక రాత్రి ఆగండి. నేను 'హైడ్రోపోనిక్ గార్డెన్' మీద రెండోసారి రాసింది రెండు రోజులు ఫోన్‌లోనే ఉంచుకుని, మూడో రోజు అదే గ్రూపులో పెట్టాను, ముందు రాసింది తప్పు, ఒక చెవితో విన్నాను అని ఒప్పుకుంటూ. ఈసారి లైకులు రాలేదు. ఒకడు మాత్రం వారం తరవాత ఫోన్ చేసి, 'ఎంఓఎస్ 6581' అనే ట్రాక్ పేరు ఏమిటని అడిగాడు. అది పాత కమోడోర్ 64 కంప్యూటర్‌లో శబ్దం పుట్టించే చిప్ పేరని చెప్పాను. మా బాబాయి కొడుకు మాత్రం ఇప్పటికీ అది ఏసీ సౌండే అంటాడు. వాడు ఇంకా కుడి సగం మీదే ఉన్నాడు.